నిస్సీ కంప్యూటర్‌లో కార్డు పోయింది

ఫిబ్రవరి 5, గురువారం

దేవునికి స్తోత్రం, స్తోత్రం, వేయి స్తోత్రాలు! నిస్సీ ఈ రోజు నన్ను ఒకటి అడిగింది.

పొద్దున తొమ్మిదిన్నర. నేను వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఆమె గది తలుపు తెరుచుకుంది. "నాన్నా, కంప్యూటర్ల గ్రాఫిక్స్ కార్డు పోయింది. తెర మొత్తం గీతలే. వేరేది సూద్దామా?" అంది. అంతే, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. చిక్కుడుకాయలు ఒళ్లోంచి కింద పడ్డాయి.

పోయిన ఏప్రిల్లో ఆమె పనిచేసే మందుల కంపెనీలో రియాక్టరు మూత దగ్గర ఆవిరి కొట్టింది. ఎడమ చెంప, మెడ కాలాయి. అప్పటి నుంచి ఆస్పత్రికి తప్ప మా గేటు దాటలేదు. పది నెలలు. మంచినీళ్లు కూడా అడగలేదు, తనే లేచి తెచ్చుకునేది. ఆ కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరెవరితోనో ఆట ఆడుతుంది. వాళ్లకు ఆమె గొంతు తెలుసు, ముఖం తెలియదు.

మధ్యాహ్నం మాతో పాటు కూర్చుని అన్నం తింది. నా భార్య సౌభాగ్యమ్మ కూర వడ్డిస్తూ నన్ను మోకాలితో పొడిచింది, మాట్లాడొద్దని. నేను తల వంచుకుని తిన్నాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

కార్డు ఊడదీసి నా చేతికిచ్చింది. జానెడు పొడుగు, రెండు ఫ్యాన్లు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ముప్పై ఒక్క ఏళ్లు పటాన్‌చెరులో మోటార్లకు వైండింగ్ కట్టినవాణ్ని, కాలిన వార్నిష్ వాసన నాకు తెలియనిది కాదు. దీనికి ఆ వాసన లేదు. దుమ్ము వాసనే. ఫ్యాను వేలితో తిప్పితే గరగరమంది.

"బేరింగు పోయింది బిడ్డా. మారుస్తే నడుస్తది" అన్నాను.

"బేరింగు గాదు నాన్నా, చిప్పే పోయింది. నీకు తెల్వదు, ఊకో" అంది.

నా మాటకు అడ్డం చెప్పింది! ఎంత బాగా చెప్పింది!

ఫిబ్రవరి 7, శనివారం

పొద్దంతా ఫోనులో వీడియోలు చూశాను. మనకు రెండు దారులున్నాయి. ఒకటి షాపులో కొత్తది, పోయినేడు వచ్చిన రకం, చిన్నది. రెండోది అయిదేళ్ల కిందటి రకం, అప్పట్లో అన్నిటికంటే పెద్దవాటిలో ఒకటి. దాన్ని కిష్టారెడ్డిపేటలో శ్రావణ్‌కుమార్ అనే అబ్బాయి వాడి, ఇప్పుడు అమ్ముతున్నాడు. నిస్సీయే ఫోనులో ఆ ప్రకటన వెతికి పెట్టింది. ధర అటూ ఇటూ ఒకటే.

కొత్తది నూట నలభై అయిదు వాట్లు తింటుంది. పాతది మూడు వందల ఇరవై. అంటే మా కార్ఖానాలో నీళ్ల మోటారు తిన్నంత. కానీ మెమరీ కొత్తదానికి ఎనిమిది జీబీ, పాతదానికి పది. కొత్తదానికి తక్కువ ఎందుకు పెట్టారో ఎవడూ సరిగ్గా చెప్పడం లేదు.

సౌభాగ్యమ్మ నా చెవిలోంచి వైరు పీకి, "అరవై ఆరేండ్లకు నీకు గిదేం పిచ్చయ్యా? పొయ్యి మీద పాలు పొంగినా సూస్తలేవు" అంది.

పొంగనీ.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఈ రోజు చర్చిలో సాక్ష్యం చెప్పాను. కూర్చోలేకపోయాను. అయ్యగారు "ఎవరికైనా కృతజ్ఞత ఉంటే లేవండి" అనగానే లేచాను. నా బిడ్డ పది నెలల తర్వాత నోరు తెరిచిందని చెప్పాను. నవ్విందని చెప్పాను. నా పక్కన మోకరించి ప్రార్థన చేసిందని, వచ్చే ఆదివారం ఈ బల్ల మీదే కూర్చుంటుందని చెప్పాను. సంఘమంతా చప్పట్లు కొట్టింది. వెనక బల్లల్లో కొందరు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. నా జీవితంలో ఇంత సంతోషం లేదు.

నాలుగింటికి చర్చి స్త్రీల మైత్రి వాళ్లు ఎనిమిది మంది అరటిపళ్లు పట్టుకుని కర్దనూరులో మా ఇంటికి ఆటోలో వచ్చారు. ముందు డెబోరమ్మ.

"నిస్సమ్మా, తలుపు తియ్యి బిడ్డా. తల మీద చెయ్యి వెట్టి ప్రార్థన చేసి పోతం. మీ నాన్న అంతా చెప్పిండు" అంది.

లోపల గడియ పడింది.

"సిగ్గువడుతున్నట్టుంది" అంది డెబోరమ్మ. ఇంకొకామె, "మొకం పెద్దగ ఖరాబేం గాలేదంటగా" అని కిటికీ దగ్గరికి వెళ్లి తొంగి చూసింది. లోపలి నుంచి కిటికీ రెక్క కూడా పడింది. వాళ్లు ముందు గదిలో రెండు పాటలు పాడి వెళ్లారు.

మంచివాళ్లు. అంత దూరం నుంచి వచ్చారు.

ఫిబ్రవరి 9, సోమవారం

నిస్సీకి తలనొప్పి. అన్నానికి రాలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

తలనొప్పి తగ్గలేదు. ఎండలు మొదలవుతున్నాయి కదా.

ఫిబ్రవరి 11, బుధవారం

గిన్నెలు తోముతూ సౌభాగ్యమ్మ అంది: "తలనొప్పి లేదు, పాడు లేదు. నీ నోరే ఆ పిల్లకు నొప్పి."

"సంతోషం ఆపుకోలేక చెప్పిన" అన్నాను.

"నీ సంతోషం నీ దగ్గరుంచుకోరాదు? ఊరంత పంచాలెనా? నవ్విందట, మోకరించిందట! ఎప్పుడు నవ్వింది? నేను ఇంట్లనే ఉన్న గదా, నాకెందుకు కనవడలే?"

నేను పెరట్లోకి వెళ్లాను. నాకేం బాధ లేదు. కార్డు సంగతి మధ్యలో ఆగిపోయిందనే ఒక్కటి.

ఫిబ్రవరి 12, గురువారం

తలుపు కింద నుంచి కాగితం తోశాను. అందులో ఇలా రాశాను: "పాతది 320 వాట్లు. మన కంప్యూటర్ కరెంటు డబ్బా మీద 550 అని ఉన్నది. సరిపోతదా? — నాన్న."

గంట తర్వాత కాగితం బయటికి వచ్చింది. ఎర్ర పెన్నుతో ఒక్క ముక్క: "సాలదు."

ఆ కాగితాన్ని నా బైబిల్లో పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

మళ్లీ రాశాను: "శ్రావణ్‌కుమార్‌కు ఫోన్ చేసిన. 750 వాట్ల డబ్బా కూడా కలిపి ఇస్తడట. అప్పుడు సాల్తదా?"

జవాబు: "సాల్తది. కని డబ్బా ఎన్నేండ్లదో అడుగు."

ఒక్క కాగితంలో రెండు మాటలు! మధ్యాహ్నం ఇంకోటి తోశాను. నాకు నిజంగానే అర్థం కానిది అడిగాను: "వీడియోల కొత్తది సెకనుకు 120 బొమ్మలు చూపిస్తున్నది. పాతది 75. పాతదే బలం అంటున్నరు. మరి కొత్తదానికి ఎక్కువ ఎట్ల వస్తున్నయి?"

దీనికి చాలాసేపు జవాబు రాలేదు. వచ్చినప్పుడు కాగితం నిండా ఎరుపే.

"అండ్ల సగం బొమ్మలు నిజం కావు నాన్నా. రెండు అసలు బొమ్మల నడుమ, జరగనిది ఒకటి ఊహించి అదే గీసి పెడ్తది. సూసేటోళ్లకు బాగనే ఉంటది. ఆడేటోళ్లకు తెలుస్తది. నువ్వు చర్చిల చేసింది గదే."

ఫిబ్రవరి 14, శనివారం

ఏమీ రాయబుద్ధి కాలేదు.

మళ్లీ కూర్చున్నాను. లెక్క చూసుకున్నాను. అసలు బొమ్మలు రెండు. కార్డు పోయిందని చెప్పింది, ఒకటి. మాతో కూర్చుని తింది, రెండు. వాటి మధ్య నేను పెట్టినవి: నవ్వింది. మోకరించింది. ఆదివారం వస్తానంది. మూడు. యంత్రం కూడా ఒక్కటే పెడుతుంది.

కావాలని చెప్పిన అబద్ధాలు కావు. నిలబడి మాట్లాడుతుంటే అవి జరిగినట్టే ఉంది నాకు. ఇప్పుడు కూడా ఆమె మోకరించడం కనిపిస్తోంది, ఆకుపచ్చ చుడీదారులో. ఆ చుడీదారు ఆమె వేసుకోక ఏడాది అవుతోంది.

కాగితం మీద రాశాను: "మూడు బొమ్మలు లేనివి పెట్టిన. తప్పయింది బిడ్డా. కరెంటు డబ్బా రెండేండ్లదట."

జవాబు వచ్చింది: "రెండేండ్లయితే మంచిదే."

మొదటి మాటకు జవాబు లేదు. అడగను కూడా.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఆరాధనకు వెళ్లాను. చివరి బల్లలో కూర్చున్నాను. నిస్సీ ఎందుకు రాలేదని తొమ్మిది మంది అడిగారు. "నేను ఎక్కువ చెప్పిన, అది రాననలే, వస్తననలే" అన్నాను. డెబోరమ్మ, "అట్లెట్ల అంటవన్నా, సాక్ష్యం చెప్పి?" అంది.

"ఒప్పుకుంటున్న గదా డెబోరమ్మా."

ఇంటికి వచ్చేసరికి గది తలుపు బెత్తెడు తెరిచి ఉంది.

ఫిబ్రవరి 17, మంగళవారం

బండి మీద కిష్టారెడ్డిపేట వెళ్లాను. నాలుగో అంతస్తు. శ్రావణ్‌కుమార్ మంచి పిల్లవాడు, ఇరవై ఆరో ఏడో ఉంటాయి, మాట తీపి. కార్డు బల్ల మీద పెట్టాడు. అబ్బ, ఏం కార్డు! ఇటుక కంటే బరువు. మూడు ఫ్యాన్లు. వాసన చూశాను.

"అంకుల్, అది చేపనా?" అని నవ్వాడు.

"వాసన సూసి కొన్నది ఎన్నడూ మోసం చెయ్యలే నన్ను" అన్నాను. కాలిన వాసన లేదు. కంప్యూటర్‌లో పెట్టి ఆట నడిపించాడు. అయిదు నిమిషాలకు పైన చెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది, కాలడం లేదు. ఫ్యాన్లు సాఫీగా తిరుగుతున్నాయి. నాకు నచ్చింది. నాకైతే ఆ క్షణమే సంచిలో వేసుకోవాలనిపించింది.

ఇంటికొచ్చి తలుపు సందులోంచి అంతా చెప్పాను.

"మెమరీ ఎంత వేడున్నది?" అంది.

"చెయ్యి వెట్టి సూసిన. వెచ్చగుంది."

"చెయ్యికి తెల్వదు నాన్నా. లోపటి వేడి తెర మీద అంకెల్ల వస్తది. అది సూడాలె. పావుగంట నడిపియ్యాలె, అయిదు నిమిషాలు గాదు."

"నాకు ఆ అంకెలు చదవరాదు బిడ్డా."

"వీడియో కాల్ చెయ్యి అక్కడికి పోయి. నేను ఇక్కడ్నించి సూస్త."

"నాకు వీడియో కాల్ రాదు" అన్నాను.

ప్రతి శనివారం జహీరాబాదులో మా చెల్లెలితో వీడియో కాల్‌లోనే మాట్లాడతాను. నిస్సీకి అది తెలుసు. నా వంక కొంచెంసేపు చూసింది. 

ఫిబ్రవరి 18, బుధవారం

ఈ రోజు నుంచి ఈస్టరు దాకా శ్రమకాలం, ఉపవాసాల రోజులు. మాంసం మానేశాను. అబద్ధం కూడా మానాలి. నిన్నటిది నిన్నటిదే.

ఫిబ్రవరి 19, గురువారం

శ్రావణ్‌కుమార్ ఫోన్ చేశాడు, ఇంకొకరెవరో అడుగుతున్నారట. శనివారం వరకు ఆగమన్నాను. ఈ మాట నిస్సీకి చెప్పాను. తొందర పెట్టలేదు. చెప్పాను, అంతే.

ఫిబ్రవరి 21, శనివారం

ఇది నిదానంగా రాయాలి. జరిగింది మాత్రమే రాయాలి.

పదకొండింటికి నిస్సీ గదిలోంచి వచ్చి, "పోదాం పా" అంది. చున్నీ ముఖం చుట్టూ చుట్టుకుంది, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. బండి మీద వెళ్లే ఆడపిల్లలందరూ అట్లాగే చుట్టుకుంటారు. సౌభాగ్యమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుంది. నేను బండి స్టార్టు చేశాను. మూడుసార్లు కొట్టాల్సి వచ్చింది. దారిలో గోతులు వస్తే నా భుజం పట్టుకుంది.

శ్రావణ్‌కుమార్ కంప్యూటర్ ముందు కుర్చీ వేశాడు. ఆట నడిపించి, పక్కన అంకెల పట్టిక తెరిచాడు. నిస్సీ వంగి చూస్తోంది. చున్నీ కళ్ల మీదికి జారుతోంది. ఒకసారి పైకి నెట్టుకుంది. రెండోసారి నెట్టుకుంది. మూడోసారి మొత్తం విప్పేసి ఒళ్లో పెట్టుకుంది.

శ్రావణ్‌కుమార్ చూశాడు, తల తిప్పుకున్నాడు. అప్పుడే వాళ్లమ్మ ఇందిరమ్మ గారు నీళ్లు తెచ్చారు. నాకొకటి ఇచ్చి, రెండో గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"అయ్యో, గదేంది బిడ్డా? ఏమైంది మొకానికి?"

నా నోరు తెరుచుకుంది. అంతా వచ్చేసింది నాలుక మీదికి: ఆ రోజు, ఆ షిఫ్టు, ఆస్పత్రిలో నలభై రోజులు, ఆమె ఎంత ఓపికగా ఉందో, దేవుడు ఎట్లా కాపాడాడో. నా చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. అది నోట్లో పెట్టుకుని మొత్తం తాగాను. దాహం లేదు.

"కంపెనీల ఆవిరి కొట్టిందాంటీ" అంది నిస్సీ, తెర మీంచి కళ్లు తీయకుండా. వెంటనే, "శ్రావణ్, మెమరీ నూట ఎనిమిదికి పోయింది. సూసినవా?"

"ఎండలు గదక్కా" అన్నాడు వాడు.

"ఎండ నీ కార్డుకే తగిలిందా? గది చల్లగనే ఉన్నది గదా. ఇగో, నూట పది. స్పీడు కిందికొస్తున్నది సూడు. మైనింగ్ ఎన్ని నెలలు పెట్టినవ్?"

మైనింగ్ అంటే కార్డు చేత పగలూ రాత్రీ ఆపకుండా లెక్కలు చేయించి కంప్యూటర్ నాణేలు సంపాదించడమని తిరిగి వస్తూ దారిలో నిస్సీ చెప్పింది. మోటారును మూడు షిఫ్టులు నడపడం లాంటిది.

"నేను పెట్టలేదక్కా, ఒట్టు. ఓన్లీ గేమింగ్."

"నువ్వు పెట్టలే. ఎవరు పెట్టిన్రు?"

శ్రావణ్‌కుమార్ తల గోక్కున్నాడు. "మా బావ. రెండేండ్లు. కని మస్తు జాగ్రత్తగా వాడిండక్కా."

"మీ బావ జాగ్రత్త ఇండ్ల కనవడుతలేదు" అంది నిస్సీ. ఇందిరమ్మ గారికి నవ్వొచ్చింది. "నేను అప్పుడే చెప్పిన, ఆయన ఏ సామాను వాపస్ ఇచ్చినా గట్లనే ఇస్తడని" అన్నారు. ఆ తర్వాత ఇద్దరికీ పావుగంట వాదన. వేడి లాగే లోపలి ప్యాడ్లు మారిస్తే బాగవుతుందని వాడు, మార్చి చూపించి అమ్మమని ఈమె. నా చేతికి వెచ్చగా మాత్రమే తగిలిన కార్డు లోపల నూట పది డిగ్రీలు ఉడుకుతోందంటే నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. అంకె అయితే చూశాను.

కొనలేదు. ఖాళీ చేతులతో వచ్చాం. తిరిగి వచ్చేటప్పుడు చున్నీ మెడ చుట్టూ వేసుకుంది, ముఖానికి చుట్టుకోలేదు. బీరంగూడ సిగ్నల్ దగ్గర పక్క ఆటోలో వాళ్లు చూశారు. ఆమె కూడా వాళ్లను చూసింది.

జరిగింది ఇంతే. మధ్యలో ఏమీ పెట్టలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఆరాధనకు వెళ్లాను. అయ్యగారు కృతజ్ఞతలు అడిగారు. బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

కొత్తదే తీసుకుంటానంది. "మెమరీ తక్కువైనా, ఎవరో అరగదీసింది గాదు గదా" అంది. చందానగర్‌లో షాపు ఉందట. నేను చొక్కా వేసుకుని, బండి తాళం తీసుకున్నాను.

"నువ్వొద్దు నాన్నా."

"ఎందుకు?"

"నువ్వొస్తే షాపాయినకు నా కథంతా చెప్తవ్. కార్డు సంగతి ఆడ్నే ఉంటది."

"చెప్ప బిడ్డా. మొన్న చెప్పిన్నా?"

"మొన్న చెప్పలే. సూసిన. నీళ్లు తాగి తాగి పొట్ట ఉబ్బింది నీది." చెప్పులు వేసుకుంటూ అంది. నవ్విందా లేదా అన్నది నాకు సరిగ్గా కనిపించలేదు. అందుకని రాయను.

పది నలభైకి గేటు తీసుకుని వెళ్లింది. చున్నీ మెడ చుట్టూనే ఉంది. మూల మీద పటాన్‌చెరు ఆటో ఎక్కింది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ఎదురింటి పెద్దరాములు పంపు కింద కాళ్లు కడుక్కుంటూ, "ఏంది సుందరన్నా, ఒక్కనివే నవ్వుకుంటున్నవ్? ఏమన్న మంచి సంగతా?" అన్నాడు.

"ఏం లేదు రాములూ. ఊకెనే."

"ఊకెనే ఎవలు నవ్వుతరే?"

"నేను నవ్వుత."

లోపలికి వచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను. సౌభాగ్యమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది, ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతోంది. పన్నెండు దాటింది. పన్నెండుంబావు. ఒంటిగంటకు పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది.

"నాన్నా, మూడు ఫ్యాన్లది ఒకటున్నదిక్కడ. ముప్పై సెంటీమీటర్లు. మన కంప్యూటర్ల పడ్తదా? జల్ది టేపు వెట్టి సూడు, లైన్లనే ఉంట."

టేపు తెచ్చాను. కంప్యూటర్ పక్క పలక ఊడదీసి, ఇటు రేకు నుంచి అటు ఫ్యాను దాకా కొలిచాను. ముప్పై ఒకటిన్నర. ఫోను నేల మీద పెట్టి స్పీకరు వేశాను, సౌభాగ్యమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. అవతల ఎవరో బిల్లు గురించి హిందీలో అడుగుతున్నారు, నిస్సీ వాళ్లకు హిందీలోనే జవాబు చెబుతోంది. ఆమె గొంతు వెనక బస్సు హారను మోగింది. ఒకసారి కాదు, పొడుగ్గా.

"ముప్పై ఒకటిన్నర" అన్నాను.

"పక్కానా?"

"ఉండు బిడ్డా, ఇంకోసారి కొలుస్త."

నేను కొలవలేదు. టేపు చుట్టి జేబులో వేసుకుని, ఇద్దరం ఫోను దగ్గరికి వంగి ఆ రోడ్డును విన్నాం.